శ్రీలంక యాత్రకు ధర కన్నా ముందు నెల చూడాలి

సంపాదకులకు,

వేసవి సెలవులు దగ్గరపడగానే పత్రికల్లో విదేశీ యాత్రల ప్రకటనలు, వాటితోపాటే యాత్రా కథనాలు మొదలవుతాయి. శ్రీలంక గురించి రాసేవాటిలో ఎక్కువగా రెండు మాటలే ఉంటాయి: చౌక, రామాయణం. రెండూ తప్పు కాదు. కానీ మొదటిసారి దేశం దాటబోయే కుటుంబం, అమ్మమ్మ తాతయ్యలనూ బడికెళ్లే పిల్లలనూ వెంటబెట్టుకుని వారం రోజులు తిరిగి రావాలనుకునే కుటుంబం శ్రీలంకను ఎంచుకోవడానికి అంతకన్నా గట్టి కారణాలున్నాయి. ఏ నెలలో ఏ దిక్కుకు వెళ్లాలో తెలిస్తేనే ఆ కారణాలు అక్కరకొస్తాయి. అది చెప్పకుండా తలకు ఇంత అని ధర మాత్రం అచ్చువేస్తే, మే నెలాఖరులో బెంటోటా బీచ్ రిసార్టు కొనుక్కున్నవాళ్లు ఎర్రజెండాలు పాతిన ఒడ్డు చూసి గదిలో కూర్చుంటారు. తప్పు దేశానిది కాదు, నెలది.

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కన్నా కొంచెం ఎక్కువ. అంత చిన్న దీవిలో రెండు వానాకాలాలున్నాయి. నడుమ ఉన్న కొండలే దానికి కారణం. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వచ్చి కొండలకు పడమర వైపున వాన దించుతుంది. కొలంబో, బెంటోటా, హిక్కడువ, గాలె, మిరిస్స, రత్నపుర, నువర ఎలియ అన్నీ ఆ వైపువే. అదే సమయంలో కొండలకు అవతల తూర్పు తీరం పొడిగా ఉంటుంది. ట్రింకోమలీ, పాసికుడా, అరుగం బే దగ్గర సముద్రం మే, జూన్, జులై నెలల్లో ప్రశాంతంగా, లోపలి రాళ్లు కనిపించేంత తేటగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇదంతా తిరగబడుతుంది. ఈశాన్య గాలికి తూర్పు, ఉత్తరం తడుస్తాయి, దక్షిణ, పశ్చిమ తీరాలు తేటపడతాయి. అక్టోబరు, నవంబరుల్లో దీవి అంతటా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు, బంగాళాఖాతంలో తుఫాన్లు. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను కొండ ప్రాంతాన్ని ఎంతగా దెబ్బతీసిందో పాఠకులు మరిచిపోయి ఉండరు.

దీన్ని మన సెలవులతో కలిపి చూడాలి. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. అంటే తూర్పు తీరానికి సరైన కాలం. సంక్రాంతి సెలవులకైతే దక్షిణ తీరం. దసరాకు వెళ్లదలిస్తే, అంతటా వానలున్నా ఉన్నంతలో తక్కువ కురిసే సిగిరియా చుట్టుపక్కల పొడి ప్రాంతానికి పరిమితం కావడం మేలు. ఏడాదిలో ఏ సెలవు దొరికినా దీవిలో ఎండ కాసే పక్క ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుందన్నది శ్రీలంకను ఎంచుకోవడానికి నా దృష్టిలో మొదటి కారణం. దాదాపు రెండు గంటల విమాన ప్రయాణంలో ఇలాంటి వీలున్న దేశం మనకు మరొకటి లేదు. మే నెలలో దుబాయి వెళితే ఎండ మన రెంటచింతలకు తీసిపోదు, రోజంతా మాల్‌లోనే గడపాలి.

ఒక జాగ్రత్త. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. ఆ రెండు రోజులూ, వాటికి అటూ ఇటూ దుకాణాలు మూసి ఉంటాయి, రైళ్లు కిటకిటలాడతాయి, కొలంబో ధనికులంతా నువర ఎలియకు చేరి అక్కడ గదుల ధరలు పెరుగుతాయి. ఇంటర్ పరీక్షలు కాగానే బయల్దేరే కుటుంబాలు ఈ తేదీలు తప్పించుకోవాలి. ప్రతి పౌర్ణమీ అక్కడ పోయ దినం, ప్రభుత్వ సెలవు. మద్యం అమ్మరు, గుళ్లలో ఇసుక వేస్తే రాలనంత జనం. మేలో వచ్చే వెసాక్ పౌర్ణమికి, అంటే మన బుద్ధ పూర్ణిమకు మాత్రం వీధులన్నీ కాగితపు లాంతర్లతో వెలుగుతాయి, దారి పొడవునా ఉచితంగా అన్నం పెడతారు. రద్దీ ఓర్చుకోగలిగితే అది చూడదగ్గ పండుగ.

రెండో విషయం దూరాలు. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఎక్స్‌ప్రెస్‌వేలు కొద్దిచోట్లే ఉన్నాయి, తక్కినవి రెండు వరసల రోడ్లు, ఊళ్ల మధ్య నుంచి వెళతాయి. గంటకు నలభై కిలోమీటర్లు అని లెక్క వేసుకుంటే దాదాపు సరిపోతుంది. కటునాయకెలో విమానం దిగి సిగిరియా చేరడానికి నాలుగు గంటలు. సిగిరియా నుంచి క్యాండీ రెండున్నర, మూడు గంటలు. క్యాండీ నుంచి నువర ఎలియకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లే, కానీ కొండ మలుపుల్లో మళ్లీ మూడు గంటలు. ఐదు రోజుల్లో ఏడు ఊళ్లు చూపిస్తామనే ప్యాకేజీలో సగం పగటి వెలుతురు కారు సీట్లోనే గడిచిపోతుంది. పిల్లలకు వాంతులు, పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు. అలాంటి ప్యాకేజీ కొన్నవాళ్లే తిరిగొచ్చి శ్రీలంకలో ఏముంది, మన కేరళే నయం అంటారు. ఊరికి కనీసం రెండు రాత్రులు ఉండాలన్న నియమం పెట్టుకుంటే ఆ మాట రాదు.

వేసవిలో ఏడు రాత్రులకు సరిపోయే మార్గం ఇది: సిగిరియాలో రెండు, ట్రింకోమలీలో రెండు, క్యాండీలో రెండు, చివరి రాత్రి విమానాశ్రయం పక్కనున్న నెగొంబోలో. ట్రింకోమలీ నుంచి క్యాండీ దాకా ఐదు గంటలు పట్టే రోజు ఒక్కటే బరువైనది, ఆ రోజు మధ్యలో దంబుల్లా గుహలు చూస్తే బడలిక తెలియదు. జనవరిలో అయితే సిగిరియా, క్యాండీ తర్వాత కొండ మీదికి ఎక్కి, అటునుంచి దక్షిణానికి దిగి గాలె కోటలో రెండు రాత్రులు ఉండి, ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు గంటల్లో కొలంబో చేరవచ్చు. డిసెంబరు, జనవరుల్లో ఆ కొండల్లోని ఎల్లా ఊరి వైపు ఈశాన్య వానలు తగులుతుంటాయి కనుక అక్కడ ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి.

సిగిరియా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇబ్బంది పడేది అక్కడే. ఐదో శతాబ్దంలో కాశ్యపుడు దాదాపు 180 మీటర్ల ఎత్తున్న బండ మీద కట్టుకున్న రాజధాని అది, 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సుమారు 1,200 మెట్లు. గేటు తెరవగానే ఎక్కితే ఎండ ముదిరేలోపు దిగిపోవచ్చు. తొమ్మిది దాటాక వెళితే ఇనుప మెట్ల దగ్గర ముందుకూ వెనక్కూ కదలనివ్వని వరస, కింద నుంచి బండ వేడి. అక్కడ పెద్ద కందిరీగల తుట్టెలున్నాయి. నిశ్శబ్దంగా వెళ్లమని బోర్డులు ఊరికే పెట్టలేదు, కేకలు పెట్టే పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. కుడ్యచిత్రాల దగ్గర ఫొటోలు నిషిద్ధం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సింహపు పాదాల దాకా కూడా వెళ్లక్కర్లేదు, కింద నీటి తోటలు, మ్యూజియం చూసి నీడన కూర్చోవచ్చు. వాళ్లకు అసలు చూపించాల్సింది పొలొన్నరువ. అంతా చదును నేల. పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు కాలంలో ఒకే రాతిలో చెక్కిన గల్ విహార బుద్ధులు అక్కడే ఉన్నాయి, శయన బుద్ధుడి పొడవే 14 మీటర్లు. చెప్పులు విప్పి నడవాలి కనుక మధ్యాహ్నం రాయి కాలుతుంది. ప్రతి ఒక్కరి సంచిలో పాత మేజోళ్ల జత ఒకటి ఉంటే చాలు.

ఇలాంటి చారిత్రక స్థలాల్లో విదేశీయులకు టికెట్ డాలర్లలో ఉంటుంది. భారత్‌తో సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల పౌరులకు పెద్ద తగ్గింపు ఉంది, కౌంటరులో పాస్‌పోర్టు చూపించాలి. ఫోన్‌లో ఫొటో చాలదనుకుని అసలు పుస్తకమే దగ్గర ఉంచుకోండి. ప్యాకేజీ కొనేవాళ్లు, ప్రవేశ రుసుములు సార్క్ ధరకు లెక్క కట్టారా, మామూలు విదేశీ ధరకు కట్టారా అని లిఖితపూర్వకంగా అడగాలి. నలుగురి కుటుంబానికి ఈ ఒక్క ప్రశ్నతో చెప్పుకోదగ్గ డబ్బు మిగులుతుంది. హోటల్ బిల్లులోనూ ఇలాంటి మెలికే ఉంది. మెనూలో రాసిన ధర మీద పది శాతం సర్వీస్ చార్జి, దాని మీద 18 శాతం వ్యాట్ వేసే చోట్లున్నాయి. గది ధర ‘అన్నీ కలిపి’నా కాదా అన్నది ముందే తేల్చుకోవాలి. సఫారీకైతే జీపు అద్దె వేరు, పార్కు టికెట్ వేరు, దాని మీద పన్నులు వేరు. జీపువాడు చెప్పిన ధర జీపుకు మాత్రమే.

కారు మనమే నడుపుదామనుకునేవాళ్లుంటారు, అక్కడా ఎడమ వైపు నడపడమే కాబట్టి. మన లైసెన్సు మాత్రమే చాలదు, స్థానిక అనుమతి తీసుకోవాలి. డ్రైవరుతో కారు మాట్లాడుకోవడమే తేలిక. మాట్లాడేటప్పుడు అడగాల్సినవి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, ఎక్స్‌ప్రెస్‌వే టోలు ఎవరిది, డ్రైవరు రాత్రి పడకా భోజనం ఎవరిది. హోటల్లో డ్రైవర్ల గది ఉందో లేదో కూడా కనుక్కోండి. రాత్రంతా కారులో పడుకున్న మనిషి మర్నాడు కొండ రోడ్డు నడపడం మన ప్రాణానికే ముప్పు. మాతలే దారిలో సుగంధ ద్రవ్యాల తోట, క్యాండీలో రత్నాల దుకాణం దగ్గర ఆగడంలో డ్రైవరుకు కమీషన్ ఉంటుంది. అక్కర్లేకపోతే మొదటి రోజే మర్యాదగా చెప్పేస్తే సరి, ఎవరూ నొచ్చుకోరు.

కొండ రైలు గురించి అందరూ రాస్తారు గానీ టికెట్ ఎలా దొరుకుతుందో రాయరు. రిజర్వేషన్ ముప్పై రోజుల ముందు తెరుచుకుంటుంది, విదేశీయులు ఎగబడే క్యాండీ–ఎల్లా సీట్లు నిమిషాల్లో అయిపోతాయి. దొరకనివారు దళారీలకు రెండు మూడింతలు ఇస్తారు. మొత్తం ప్రయాణం ఆరేడు గంటలు, పిల్లలకూ పెద్దలకూ అది ఎక్కువే. నువర ఎలియకు దగ్గరి స్టేషను నాను ఓయ. అక్కడ ఎక్కి ఎల్లాలో దిగితే మూడు గంటల్లోపు అసలు అందమంతా అయిపోతుంది. ఆ దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను పట్టిపొల కూడా ఆ దారిలోనే, 1,898 మీటర్ల ఎత్తున. సామాను కారులో డ్రైవరుకు అప్పగించి ఎల్లాలో కలుసుకోమనండి. మొదటి తరగతి ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు, కొండగాలి కావాలంటే రిజర్వు చేసిన రెండో తరగతి మంచిది. తలుపు దగ్గర వేలాడి ఫొటోలు దిగబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, యువకులకు గట్టిగా చెప్పాలి. దిత్వా తుఫానుకు ఈ మార్గం బాగా దెబ్బతింది. ఏ స్టేషను నుంచి ఏ స్టేషను దాకా బళ్లు తిరుగుతున్నాయో రైల్వే ప్రకటన చూసుకున్నాకే గది బుక్ చేయండి.

శాకాహారులు శ్రీలంకకు వెళ్లడానికి జంకక్కర్లేదు, కానీ ఒక మాట నేర్చుకుని వెళ్లాలి: ఉంబలకడ. ఎండబెట్టిన మాల్దీవు చేప పొడి. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌లో, కొన్ని కూరగాయ కూరల్లో కూడా అది వేస్తారు. చేప లేదు కదా అని అడిగితే లేదనే అంటారు, చాలామంది దృష్టిలో అది చేప కాదు, మసాలా. పేరు పెట్టి అడగాలి. ‘సైవ’ అని బోర్డున్న తమిళ హోటళ్లలో ఆ బెడద లేదు, ట్రింకోమలీలో ఇవి దండిగా ఉన్నాయి. పరిప్పు అనే పప్పు, అన్నం, ఇడియాప్పం, అప్పం అన్నిచోట్లా దొరుకుతాయి. గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసి ఇస్తారు. కితుల్ అంటే మన ఏజెన్సీలో కల్లు తీసే జీలుగు చెట్టే. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే తీపి అది.

ఇక మన కథనాల్లో దాదాపు కనిపించనిది, నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణమైనది, ఆ దేశంలో తెలుగువాళ్లు చూడాల్సిన తెలుగు చరిత్ర. క్యాండీలోని దళదా మాలిగావ అనే దంతధాతు మందిరంలో పూజించే బుద్ధదంతాన్ని కళింగలోని దంతపురం నుంచి రాకుమారి హేమమాల జుట్టులో దాచి తెచ్చిందని బౌద్ధుల కథనం. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గరి దంతపురమేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం, ఒడిశాలోని పూరీ అనే వాదన కూడా ఉంది. మూడో శతాబ్దపు నాగార్జునకొండ శాసనం అక్కడ సింహళ విహారం ఉండేదని చెబుతుంది. అంటే సింహళ భిక్షువులు మన కృష్ణా తీరానికి వచ్చి ఉన్నారు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులు మదురై నాయకుల బంధువులు, తెలుగు మూలాలున్న వంశం. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, ఆ దేశంలో అడుగంటిన భిక్షు దీక్షను నిలబెట్టాడు. నేటి క్యాండీ సరస్సు చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు తవ్వించినది. బ్రిటిష్‌వాళ్లు ఆయన్ను పట్టుకుని వేలూరు కోటకు తరలించారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. చిత్తూరువాళ్లకు ఆయన సమాధి గంట దూరం. ఇవేవీ చెప్పకుండా గైడు దంతధాతు మందిరంలో పదిహేను నిమిషాలు నిలబెట్టి తీసుకొస్తాడు. వెళ్లేవాళ్లు పూజ వేళకే వెళ్లాలి. అప్పుడే లోపలి గది తలుపు తెరుస్తారు. కనిపించేది బంగారు భరిణే గానీ దంతం కాదు. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు తప్పనిసరి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు దిగడం అక్కడ పెద్ద అపరాధం.

అనురాధపుర జిల్లా తంబుత్తేగమ దగ్గరా, తూర్పున అంపారై జిల్లాలోనూ అహికుంటికులనే సమాజం ఉంది. ఒకప్పుడు పాములాడించుకుంటూ, జోస్యం చెప్పుకుంటూ తిరిగినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది నేటికీ ఒక తెలుగు మాండలికం. వాళ్లను వింతగా చూడటానికి, వీడియోలు తీయడానికి వెళ్లమని నేను చెప్పను. కానీ అలాంటివాళ్లున్నారని మన పిల్లలకు తెలియాలి.

రామాయణ యాత్ర సంగతి. నువర ఎలియ దగ్గరి సీత ఎలియ గుడి చిన్నది, దారిలోనే ఉంటుంది, ఆగి దండం పెట్టుకోవచ్చు. ఎల్లాలో రావణ జలపాతమూ రోడ్డు పక్కనే. వీటికోసమే దీవి చుట్టూ తిప్పే ప్యాకేజీల్లో మాత్రం ఒక్కో చోటికి మూడు నాలుగు గంటలు కారులో పోయి పది నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. భక్తితో వెళ్లే మనవాళ్లు ముందు పెట్టుకోవాల్సింది ట్రింకోమలీ. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటి పేరు లంకలోని శాంకరీదేవిది. అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబలను దర్శించుకున్న మన ఇళ్లలో పెద్దలకు ఆ వరసలో మిగిలిపోయే గుళ్లలో ఇదొకటి. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండకొమ్మున కోణేశ్వరుడి పక్కనే అమ్మవారు. పాత ఆలయాన్ని 1620లలో పోర్చుగీసువారు కూల్చారు, ఇప్పుడున్నది తర్వాతి కట్టడం. కారు దగ్గరి దాకా వెళుతుంది. పదిహేను కిలోమీటర్ల ఉత్తరాన నిలవేలి తీరంలో పిల్లలు ఈతకు దిగుతారు, అవతల పావురాల దీవిలో పగడాల మధ్య చేపలు చూడొచ్చు. వేసవి సెలవుల్లో తాతకు గుడి, మనవడికి సముద్రం ఒకే ఊళ్లో దొరికే ఇలాంటి చోటును మన కథనాలు ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు.

చివరగా కాగితాల విషయం. పాస్‌పోర్టుకు ప్రయాణ తేదీ నుంచి ఆరు నెలల గడువుండాలి. ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతికి బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవడం మేలు. ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు అదనంగా గుంజుతాయి కనుక చిరునామా చివర gov.lk అనే ప్రభుత్వ గుర్తున్నదే వాడాలి. రుసుము నియమాలు ఇటీవల పలుమార్లు మారాయి, బుక్ చేసే రోజున మళ్లీ చూసుకోండి. 2024 ఫిబ్రవరి 12 నుంచి అక్కడ యూపీఐ చెల్లుతోంది, కానీ అన్ని దుకాణాల్లో కాదు. పల్లె హోటలుకు, ఆటోకు, గుడి దగ్గర చెప్పులు పెట్టేచోటుకు చిల్లర నోట్లు కావాలి. విమానాశ్రయంలోనే కొంత డబ్బు మార్చుకుని సిమ్ తీసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

మీ పత్రిక ఈసారి శ్రీలంక కథనం వేసేటప్పుడు రెండు వానాకాలాల పటం ఒకటి, కిలోమీటర్లకు బదులు గంటలు రాసిన దూరాల పట్టిక ఒకటి పక్కన ముద్రించాలని కోరుతున్నాను. ప్రకటనలిచ్చే టూర్ సంస్థలను కూడా ప్యాకేజీ కింద ఏ నెలకు పనికొస్తుందో రాయమని అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు